తెలుగు గ్రంథములను పోగుచేసిన బ్రౌను దొర

మన పాఠశాల విద్యార్థులలో కొందరికి ఒక వింత అలవాటు కలదు. తాము జన్మించిన నెలలో అచ్చయి వెలువడిన బొమ్మల కథల పుస్తకములను వెదకి పోగుచేయుట వారికి మిక్కిలి ప్రీతి. మొగుళ్లపల్లిలో అట్టివి దొరకుట అరుదు గనుక, బంధువుల యిండ్లకు పోయినపుడు అటుకల మీది పెట్టెలు దింపింతురు. వరంగల్లునకు పోయినపుడు పాత పుస్తకముల అంగళ్లయొద్ద నిలిచిపోవుదురు. 1947వ సంవత్సరము జూలై మాసమున నాగిరెడ్డి, చక్రపాణి గార్లచే మద్రాసున ప్రారంభింపబడిన చందమామ పత్రిక ఆరు దశాబ్దములకు పైగా నడచి ఆగిపోయినందున, చిన్న తరగతుల పిల్లలకు తాము పుట్టిన నెల సంచిక లభింపదు. వారు తమ తండ్రియో, తల్లియో, అవ్వయో పుట్టిన నెల సంచికకై వెదకుచుందురు.

పాఠములు చదువవలసిన కాలమున చిరిగిన కాగితములకై తిరుగుట తగునా యని కొందరు తండ్రులు నన్నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. దానికి వాదముచే ఉత్తరము చెప్పుటకంటె, ఒక మహనీయుని జీవితమును చెప్పుట మేలని తలచితిని. ఆయనయు పాత పుస్తకములను పోగుచేసినవాడే. ఆయనయు ఆ పనికై ధనమును, కాలమును, ఆరోగ్యమును వ్యయపరచినవాడే. ఆయన అట్లు చేయకుండినచో మనము నేడు చదువుకొను తెలుగు కావ్యములలో కొన్ని మనకు దక్కియుండునో లేదో చెప్పజాలము. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. మన పంచాంగము ననుసరించి అది కాళయుక్తి నామ సంవత్సర కార్తికమాసము. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌను ఈస్టిండియా కంపెనీవారి కొలువులో క్రైస్తవ గురువు. 1800వ సంవత్సరమున కలకత్తాలో స్థాపితమైన ఫోర్టు విలియం కళాశాలకు పెద్దగా నుండెను. ఆ కుటుంబము కలకత్తాకు ఎగువన గంగాతీరమందున్న శ్రీరాంపురమున కొంతకాలము నివసించెను. విలియం కేరీ మొదలైన మిషనరీలు దేశభాషలలో వేదగ్రంథమును అచ్చొత్తించుచుండిన ఊరదియే. తెలుగు క్రొత్త నిబంధన 1818వ సంవత్సరమున వెలువడినది ఆ ముద్రాలయము నుండియే. ఇట్లు బాలుడైన బ్రౌను భాషల నడుమ, అచ్చుపని నడుమ పెరిగెను.

తండ్రి తన కుమారులకు స్వయముగా విద్య గరపెను. హీబ్రూ, గ్రీకు, లాటిన్, పారసీకము మొదలగు భాషలలో వారికి చిన్ననాటనే ప్రవేశము కలిగెను. కాని 1812వ సంవత్సరమున తండ్రి మరణించెను. అప్పటికి బ్రౌనునకు పదునాలుగేండ్లయినను నిండలేదు. మన ఎనిమిదవ తరగతి బాలుని వయసులో తండ్రిని గోలుపోయిన ఆ పిల్లవాడు, కుటుంబముతో గూడ తానెరుగని ఇంగ్లండు దేశమునకు తరలిపోవలసి వచ్చెను. అచ్చట కంపెనీ ఉద్యోగులను తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో చదివి, సివిలు ఉద్యోగిగా ఎన్నుకొనబడి, 1817వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన మద్రాసున ఓడ దిగెను. అప్పటికి ఆయనకు తెలుగున ఒక్క మాటయు రాదు.

క్రొత్తగా వచ్చిన ఉద్యోగులు మద్రాసులోని ఫోర్టు సెంటు జార్జి కళాశాలయందు దేశభాషలను నేర్వవలసియుండెను. బ్రౌనునకు తెలుగు అక్షరములు దిద్దించిన గురువు వెలగపూడి కోదండరామ పంతులు. ఆనాడు దొరలు తెలుగు నేర్చుకొనుటకు సాధనములు మిక్కిలి తక్కువ. కేరీ వ్రాసిన వ్యాకరణము 1814లోను, కాంబెల్ వ్రాసిన వ్యాకరణము 1816లోను వెలువడియుండెను. అంతకు మించి గురువుముఖముననే నేర్వవలెను. బ్రౌను పట్టుదలతో చదివి 1820వ సంవత్సరమున పరీక్షయందు కృతార్థుడయ్యెను. ఆ సంవత్సరమే సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చెను. ప్రజల భాష నెరుగని అధికారి వారికి న్యాయము చేయజాలడని నమ్మిన పాలకుడాయన. ఆయన ఉపదేశము యువకుడైన బ్రౌను మనసున నాటుకొనెను.

1820వ సంవత్సరము ఆగస్టు మాసమున బ్రౌను కడప జిల్లాలో కలెక్టరునకు సహాయకుడుగా చేరెను. కచేరీకి వచ్చు రైతులు మాటలాడు తెలుగునకును, తాను కళాశాలలో చదివిన తెలుగునకును గల దూరము ఆయనకు మొదటి దినములలోనే తెలియవచ్చెను. ఆ దూరమును దాటుటకు ఆయన ఇరువైపుల నుండియు కృషి ఆరంభించెను. ఒకవైపు రైతుల మాటలను, సామెతలను, అర్జీలలోని పదములను వ్రాసికొనుచు, మరియొకవైపు పండితులను చేరదీసి కావ్యములను చదువసాగెను. కడపలోను, పిమ్మట బదిలీయైన మచిలీపట్నములోను బాలురకు ఉచితముగా చదువు చెప్పించు బడులను తన ఖర్చుతో నడపెను.

కావ్యములను చదువబూనినప్పుడు ఆయనకు ఒక గొప్ప యడ్డంకి కలిగెను. పుస్తకములు లేవు. పేర్లు వినవచ్చుచుండెను గాని ప్రతులు కానరాకుండెను. ఉన్న ప్రతులును తాటియాకుల మీద వ్రాయబడినవి. తాళపత్ర గ్రంథము ఎట్లుండునో నేటి పిల్లలు చాలమంది చూచియుండరు గనుక కొంచెము వివరింతును. తాటియాకును ఆరబెట్టి, సమముగా కోసి, గంటమను ఇనుప మొనతో దానిపై అక్షరములను గీయుదురు. గీసిన చాళ్లలో మసి రుద్దినచో అక్షరములు నల్లగా కానవచ్చును. ఆకులకు రంధ్రము చేసి త్రాడు గ్రుచ్చి, పైన క్రింద కొయ్య పలకలు పెట్టి కట్టుదురు. జాగ్రత్తగా కాపాడినయెడల ఆ గ్రంథము కొన్ని తరములు నిలుచును. కాపాడనియెడల చెమ్మ తగిలి బూజు పట్టును. చెదలు, పురుగులు తొలుచును. అంచులు విరిగి పద్యముల మొదళ్లు, తుదలు రాలిపోవును. కాబట్టి ప్రతి గ్రంథమునకును మరల మరల క్రొత్త ప్రతి వ్రాయించుచుండవలెను. వ్రాయించు రాజులు, జమీందారులు క్షీణించిన కాలమున ఆ పని ఆగిపోయెను. వ్రాయువాడు తప్పు వ్రాసినచో ఆ తప్పు తరువాతి ప్రతులకును ప్రాకుచుండెను. ఇట్లు మన సాహిత్యము ఇంటింట మూలమూలల ఎవరికిని తెలియకుండ నశించుచుండెను. అది యేటిలోని ఇసుక కరగినట్లు చప్పుడు లేక జరుగు నష్టము.

ఇట్టి సమయమున, 1824వ సంవత్సర ప్రాంతమున, దుబాయి అను ఫ్రెంచి గురువు హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమును బ్రౌను చదివెను. అందు వేమన యను కవి ప్రస్తావన కనబడెను. తన పండితుల నడుగగా వారాయనను కవిగా ఎంచకుండిరి. కాని పొలములోని రైతు నడిగినను, బండి తోలువాని నడిగినను వేమన పద్యము నోటనుండెను. బ్రౌను ప్రతులను తెప్పింప మొదలిడెను. ఒక్కొక్క ప్రతిలో పద్యములు వేరువేరుగా నుండెను. ఒక ప్రతిలో నున్నవి మరియొకదానిలో లేవు. ఒకే పద్యమునకు అనేక పాఠములు. వానినన్నిటిని సరిపోల్చి, విషయమును బట్టి విభాగించి, ఆంగ్లానువాదముతో 693 పద్యములను 1829వ సంవత్సరమున మద్రాసున అచ్చువేయించెను. పది యేండ్ల తరువాత, 1839లో, 1164 పద్యములతో మరల ప్రకటించెను. పామరుని కవియని పండితులు ప్రక్కకు నెట్టిన వేమన పద్యములు నేడు ప్రతి పాఠశాలలో చిన్న పిల్లల నోట పలుకుచున్నవనిన, అందులో ఈ సేకరణ పాలు చాల గలదు.

1826వ సంవత్సరమున బ్రౌను మరల కడపకు వచ్చెను. అచ్చట పదునైదెకరముల తోటతో గూడిన ఒక బంగళాను కొని, దానిని పండితుల నిలయముగా చేసెను. జనులు దానిని బ్రౌను కళాశాల యని పిలువసాగిరి. అచ్చట జరిగిన పని విధానమును మన విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. ఒక గ్రంథము కావలసినచో ఒక్క ప్రతితో ఆయన తృప్తిపడువాడు కాడు. నాలుగు దిక్కులకు జాబులు వ్రాసి, మనుష్యులను పంపి, లభించినన్ని ప్రతులను తెప్పించెడివాడు. అమ్మువారికి వెల యిచ్చెడివాడు. అమ్మనివారియొద్ద ఎరువు తెచ్చి నకలు వ్రాయించి తిరిగి యిచ్చెడివాడు. పిమ్మట లేఖకులు కాగితము మీద శుభ్రమైన ప్రతి వ్రాయుదురు. పండితులు కూర్చుండి ఒకరు చదువ, మిగిలినవారు తమ యెదుటనున్న ప్రతులను చూచుచు, భేదములను గుర్తింతురు. ఏ పాఠము సరియైనదో చర్చించి నిర్ణయింతురు. కఠిన పదములకు అర్థము, పద్యములకు సూచిక, కొన్నిటికి వ్యాఖ్యానము వ్రాయుదురు. అన్నియు ముగిసిన పిదప ఆ ప్రతిని బైండు కట్టించి భద్రపరతురు.

ఈ పనివారిలో జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మున్నగు పండితుల పేర్లు మనము మరువరాదు. వసుచరిత్రకును, మనుచరిత్రకును అప్పయ్య వ్యాఖ్యానములు వ్రాసెను; మనుచరిత్రము 1851వ సంవత్సరమున అచ్చయ్యెను. ధనము దొరదైనను విద్య వారిది. వారు లేనిదే బ్రౌను ఒక్క పద్యమునైనను పరిష్కరింపజాలడు. ఆయన లేనిదే వారి పాండిత్యము వారి యూరు దాటియుండదు. ఇరువురి కలయికచే కార్యము సిద్ధించెను.

పండితుల జీతములకు, లేఖకుల కూలికి, కాగితమునకు, ప్రతుల వెలకు అయిన వ్యయమునకు కంపెనీవారి ఖజానా తలుపు తెరువలేదు. బ్రౌను తన జీతములో నుండి వెచ్చించెను. జీతము చాలనపుడు అప్పులు చేసెను. వివాహము చేసికొనక, ఇల్లు వాకిలి కూర్చుకొనక, పగలు కచేరీ పనియు, ఉదయ సాయంకాలములు తెలుగు పనియు చేయుచుండెను. తోటి దొరలు వేటలతోను విందులతోను ప్రొద్దుపుచ్చుచుండగా, ఇతడు పురుగులు తొలిచిన తాటియాకుల యెదుట కూర్చుండెను.

మన ప్రాంతమువారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. బ్రౌను తెలంగాణమున ఉద్యోగము చేయలేదు. ఆనాడు మన ప్రాంతము నిజాముగారి యేలుబడిలో నుండెను. అయినను మన కవులు ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుని బసవపురాణమును ఆయన శ్రద్ధతో చదివి, దానిని ముఖ్యాధారములలో నొకటిగా గైకొని జంగముల మతాచారములను, సాహిత్యమును గూర్చి 1840వ సంవత్సరమున వ్యాసము ప్రకటించెను. సంస్కృత సమాసములు గల ప్రౌఢకావ్యములనే కావ్యములని యెంచిన కాలమున, జానుతెనుగున ద్విపదలు వ్రాసిన సోమనాథుని విలువ నాయన గుర్తించెను. గౌరన వ్రాసిన హరిశ్చంద్ర ద్విపదను అచ్చువేయించెను. ఆ పాలకుర్తికి సమీపముననే యున్న బమ్మెర గ్రామపు పోతన భాగవతమునకును ప్రతులు సేకరింపించి పరిష్కరింపజేసెను. మన యూరి నుండి కొన్ని గంటల ప్రయాణములో నున్న ఆ గ్రామములను చూచునపుడు, సముద్రము దాటివచ్చిన ఈ సేకర్తను గూడ తలచుకొనుట ధర్మము.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు ప్రాంతమున భయంకరమైన కరవు వచ్చెను. నందన నామ సంవత్సరమున పుట్టినది గనుక దానికి నందన కరవని పేరు. జిల్లా ప్రజలలో మూడవ వంతునకు తక్కువ గాకుండ మరణించిరని అంచనా. ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. మనుష్యులే నశించిన యింట అటుక మీది తాళపత్రములను చూచువారెవరు? తరతరములుగా కాపాడబడిన గ్రంథము ఒక్క కరవుతో మట్టిలో కలిసిపోవును. ప్రతులను ఆలస్యము చేయక సేకరింపవలెనను బ్రౌను తొందర ఎంత న్యాయమైనదో ఆ కరవు చూపెను.

ఆ పిమ్మట బ్రౌను ఉద్యోగమునకు దూరమై కొంతకాలము ఇంగ్లండునకు పోవలసివచ్చెను. మరియొకడైనచో అచ్చట విశ్రమించియుండును. బ్రౌను లండనులోని ఇండియా హౌసు గ్రంథాలయమునకు పోయి వెదకెను. పూర్వము ఈ దేశము నుండి చేరిన దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు అచ్చట చదువువారు లేక పడియుండెను. వానిని చదువగలవారు మద్రాసున నుండగా, అవి లండనున దుమ్ము తినుచుండుట ఆయనకు సహింపరాని విషయమయ్యెను. అధికారులతో వ్యవహరించి 2106 వ్రాతప్రతులను మద్రాసు సాహిత్య సంఘమునకు తిరిగి పంపు ఏర్పాటు చేసెను. పరదేశమునకు పోయిన మన గ్రంథములను మన దేశమునకే తిరిగి చేర్చుటకు ఆ దేశస్థుడే పాటుపడెనన్న మాట.

ఆయన మరల మద్రాసునకు వచ్చి ప్రభుత్వమునకు పారసీక భాషానువాదకుడుగాను, పిమ్మట తెలుగు అనువాదకుడుగాను, పోస్టు మాస్టరు జనరలుగాను పనిచేసెను. ఈ కాలముననే ఆయన పెద్ద గ్రంథములు పూర్తియయ్యెను. తెలుగు వ్యాకరణము 1840లో వెలువడెను. ముప్పది యేండ్లుగా కూర్చిన మాటలన్నియు తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులై 1852, 1854 సంవత్సరముల మధ్య అచ్చయ్యెను. కచేరీలలో వాడు అన్యదేశ్య పదములకు ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును కూర్చెను. ఈ నిఘంటువులు మద్రాసు వేపేరిలో క్రైస్తవ జ్ఞానాభివృద్ధి సంఘమువారి ముద్రాలయమున అచ్చయిన సంగతి మిషను పాఠశాలవారమైన మనకు సంతోషకరము. కవుల ప్రయోగములతోపాటు సంతలో, పొలములో, వంటయింట పలుకు మాటలను గూడ నిఘంటువున కెక్కించుట బ్రౌను విశేషము. నేటికిని ఆ నిఘంటువు పునర్ముద్రణములు పొందుచు, కంప్యూటరులలో గూడ వాడబడుచున్నది.

నవ్వు పుట్టించు కథలను చదువుటకు ప్రీతిపడు పిల్లలు మరియొక సంగతి వినవలెను. ప్రౌఢకావ్యములను పరిష్కరించిన ఈ పండితుడే, జనులు చెప్పుకొను వినోద కథలను తాతాచారి కథలను పేర 1855వ సంవత్సరమున అచ్చువేయించెను. చిన్న కథలని ఆయన వానిని చిన్నచూపు చూడలేదు. జనుల వాడుకభాష వానియందు ఉన్నదున్నట్లు నిలిచియుండునని ఆయన ఎరుగును. అట్లే మన సంవత్సరములను, మాసములను ఆంగ్ల సంవత్సరములతో సరిపోల్చుకొను పట్టికలను గూడ ఆయన తయారుచేసెను. ఒక గ్రంథము ఏ కాలమున వ్రాయబడినదో తెలియనిదే దాని చరిత్ర తెలియదు గదా. తాము పుట్టిన నెల సంచికను వెదకు పిల్లవానికి తేదీ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత శ్రమపడి కూర్చిన వ్రాతప్రతులను బ్రౌను ఏమి చేసెను? తన వెంట ఇంగ్లండునకు తీసికొనిపోలేదు. అమ్ముకొని అప్పులు తీర్చుకొననులేదు. రెండు వేలకు పైబడిన ఆ ప్రతులను మద్రాసు సాహిత్య సంఘమునకు అప్పగించెను. అవియే తరువాత మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చేరెను. మెకంజీ దొర సేకరణయు, లేడెను సేకరణయు, బ్రౌను సేకరణయు ఆ భాండాగారమునకు పునాదిరాళ్లు. తరువాతి కాలపు పండితులెందరో వానిని చూచియే కావ్యములను పరిష్కరించి ముద్రించిరి. పోగుచేసినవాడు ఒక్కడు, అనుభవించినవారు లెక్కకు మించినవారు.

ఆరోగ్యము చెడి బ్రౌను 1854వ సంవత్సరమున ఉద్యోగము విడిచి, 1855 నాటికి లండను చేరెను. తెలుగుదేశమును మరల చూడలేదు. అయినను తెలుగును విడువలేదు. 1865వ సంవత్సరమున లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నియమింపబడెను. తన సాహిత్య జీవితమును గూర్చి ఒక చిన్న గ్రంథమును వ్రాసికొనెను. నిఘంటువును దిద్దుచు, చేర్పులు చేయుచు ముసలితనమును గడపెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల వయసున, లండనున పరమపదించెను. కెన్సల్ గ్రీను శ్మశానవాటికయందు ఆయన సమాధి కలదు.

బ్రౌనును దోషరహితునిగా వర్ణించుట నా యుద్దేశము కాదు. ఆయన పరాయి పాలకుల కొలువులోని అధికారి. ప్రజల యొద్ద పన్నులు వసూలుచేసిన కంపెనీ జీతమే ఆయన తిన్నది. భాషను గూర్చిన ఆయన నిర్ణయములను కొన్నిటిని తరువాతి పండితులు అంగీకరింపలేదు; వేమన పద్యములని ఆయన చేర్చినవానిలో ఇతరుల పద్యములు గూడ కలవని పరిశోధకులు తలచిరి. ఇవియన్నియు నిజమే. అయినను పాలకుడుగా వచ్చినవాడు విద్యార్థిగా మారి, తాను గైకొన్నదానికంటె ఎక్కువగా ఈ భాషకు తిరిగి యిచ్చెననుటయు నిజమే. కడపలో ఆయన బంగళా శిథిలమై, మొండిగోడలు మాత్రము మిగిలిన స్థలమున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎన్నో యేండ్లు పాటుపడి ఆయన పేర గ్రంథాలయమును నెలకొల్పిరి. అది భాషాపరిశోధన కేంద్రముగా వృద్ధిపొందినది. పుస్తకములను కాపాడినవాని యిల్లు పాడుపడగా, ఆ చోటనే పుస్తకములకు మరల ఇల్లు కట్టబడెను.

విద్యార్థులారా, ఇప్పుడు మీ తండ్రులు నన్నడిగిన ప్రశ్నకు వత్తును. పాత పుస్తకములను పోగుచేయుట తగునా? తగును, కాని పోగుచేయుటలో రెండు విధములు కలవు. నావి ఇన్ని యున్నవని చెప్పుకొనుటకు పెట్టెలో దాచుట యొకటి. అది చీమలకును చెదలకును మేతయగును. రెండవది బ్రౌను మార్గము. మీకొక పాత సంచిక దొరకినపుడు, అది ఏ నెలదో, ఎవరి యింట దొరకినదో, ఏ పుటలు లేవో ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. చిరిగిన పుటను మీ స్నేహితుని ప్రతిలో చూచి నకలు వ్రాసి చేర్చుడు. తెలియని మాట కనబడినచో మీ అవ్వను, తాతను అడిగి దాని అర్థమును ప్రక్కన వ్రాయుడు; వారికి తెలిసిన మాటలు వారితోనే పోవుచున్నవని మరువకుడు. మీకు అక్కరలేని సంచిక మరియొకని పుట్టిన నెలదైనచో వానికి ఇచ్చివేయుడు. అన్నిటిని చదువుడు. చదువక దాచిన పుస్తకమునకును, దొరకక పోయిన పుస్తకమునకును భేదము కొంచెమే. ఇట్లు చేయువానికి పాఠములు చెడవు. వ్రాత, చదువు, ఓర్పు, లెక్క అన్నియు ఆ యలవాటునందే అబ్బును.

తల్లిదండ్రులకు నా మనవి యొక్కటి. ఇల్లు వెల్ల వేయు దినమున అటుక మీది పాత కాగితములను పొయ్యిలో వేయుటకు ముందు, లేదా పాత సామానువానికి తూచి యిచ్చుటకు ముందు, ఒక్క మారు మీ పిల్లవానిని పిలిచి చూడనిండు. అందులో మీ తండ్రిగారి చేవ్రాత యుండవచ్చును. మన యూరి పాట యుండవచ్చును. మరెచ్చటను మిగులని కథ యుండవచ్చును.

మన ప్రభువు అరణ్యప్రదేశమున అయిదువేల మందికి ఆహారము పెట్టిన పిదప, మిగిలిన ముక్కలను పారవేయనీయక శిష్యులచే పోగుచేయించెననియు, అవి పండ్రెండు గంపలు నిండెననియు సువార్తలో చదువుకొనియున్నాము. సమృద్ధిగా ఇయ్యగలవాడే ముక్కలను గూడ వ్యర్థపరుపనొల్లడయ్యెను. తెలుగు సాహిత్యమను గొప్ప విందులో నేల రాలిన ముక్కలను, ఒక దైవసేవకుని కుమారుడు తన జీవితకాలమంతయు వంగి యేరి, గంపలు నింపి, మనకు అప్పగించి వెడలిపోయెను. ఆ గంపలను మోయవలసిన వారము ఇక మనమే.